గరికను నిద్రపోనివ్వండి

అక్టోబరు వస్తే అమెరికాలోని అరిజోనాలో చాలా గోల్ఫ్ మైదానాలు కొన్ని వారాలు మూతపడతాయి. అక్కడ పెరిగే బెర్ముడా గడ్డి మన గరికే. చలి ముదిరితే ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది, వేళ్లు మాత్రం బతికే ఉంటాయి.

ఆ రంగు పర్యాటకులకు నచ్చదని, మైదానం మూసిన ఆ వారాల్లో గరికను పొట్టిగా కత్తిరించి, పైన చలిలోనూ పచ్చగా ఉండే రై గడ్డి విత్తనాలు చల్లుతారు. మొలకెత్తేదాకా మట్టి పైపొర ఆరకూడదు. రోజుకు పలుమార్లు తడపాల్సిందే. కానీ ఆ రాష్ట్రానికి నీళ్లిచ్చే కొలరాడో నదికి 2021లో అమెరికా ప్రభుత్వం చరిత్రలోనే తొలిసారి నీటి కొరత ప్రకటించింది.

ఎడారిలో ఇంత ఆర్భాటం అవసరమా?

కొన్ని క్లబ్బులు ఆకుపచ్చ రంగు పిచికారీ చేసి సరిపెడుతున్నాయి. నిద్రలో ఉన్న గరిక మీదా బంతి చక్కగానే దొర్లుతుంది. పైగా రై గడ్డి పోటీకి వసంతంలో గరిక ఆలస్యంగా తేరుకుంటుంది. గుంత చుట్టూ ఉండే గ్రీన్లకు రంగు వేసి, అక్కడిదాకా సాగే గడ్డి బాటలైన ఫెయిర్‌వేలను చలికాలమంతా అలాగే వదిలేయాలి.