గంగిరెద్దు చదువు

మొన్న ఒక తండ్రిగారు మా ఇంటికి వచ్చి నన్ను నిలదీసినంత పని చేశారు.

"మాస్టారూ, మీరు చెప్పబట్టే గదా మావాణ్ణి స్నేహితులతో కలిసి చదువుకోమన్నాను! రెండు నెలలు మా మేడమీద దీపం ఆరలేదు. తక్కిన నలుగురూ పాసయ్యారు. మావాడు తెలుగులో తప్పాడు!"

కుర్రవాణ్ణి పిలిచి, ఒక ఉత్పలమాల పాదమిచ్చి గణాలు విడదీయమన్నాను. కలం కదలలేదు.

"అదేమిటోయ్, రోజూ చదివారు గదా?"

"వాళ్ళు చెబుతుంటే అంతా వచ్చినట్టే ఉండేదండీ" అన్నాడు తల వంచుకుని.

తప్పు వాడిది కాదు, నాదే. కలిసి చదవమన్నానే గాని, ఎట్లా చదవాలో చెప్పలేదు. ఒకడు చెబుతూ నలుగురు తల ఊపితే అది చదువు కాదు, గంగిరెద్దాట.

అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2006లో ఒక ప్రయోగాన్ని ప్రకటించారు. ఒకే పాఠాన్ని కొందరు మళ్ళీ మళ్ళీ చదివారు. కొందరు ఒకసారి చదివి, కాగితం పక్కన పెట్టి, గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే మళ్ళీ చదివినవారిదే పైచేయి. వారం తరువాత చూస్తే చూడకుండా రాసినవారిది! మన పరీక్షలు అయిదు నిమిషాలలో రావు గదా!

కనుక విద్యార్థులారా, నలుగురైదుగురికి మించి చేరకండి. పదిమందిలో పాము చావదు. పాఠం ఎవరింట్లో వారు చదువుకునే రండి. కూడిన తరువాత ప్రతివారూ కొంత భాగం పుస్తకం మూసి చెప్పాలి. ముందుగా చెప్పవలసింది బాగా వచ్చినవాడు కాదు, రానివాడు. వాడు తడబడితే ప్రశ్న వేయండి గాని, జవాబు అందించకండి. "నాకు తెలియలేదు" అన్నవాణ్ణి చూసి ఎవరైనా నవ్వితే, మర్నాడు ఆ పాఠం నవ్వినవాడే చెప్పాలి.

తల్లులకు ఒక మనవి: కాఫీ చివర ఇవ్వండి. మధ్యలో ఇస్తే పాఠం సినిమాల మీదికి పోతుంది.

నిన్న సాయంకాలం ఆ మేడ ఎక్కాను. పాసయిన నలుగురూ స్నేహితుడి కోసం మళ్ళీ వస్తున్నారు. మావాడు బోర్డు దగ్గర నిలబడ్డాడు. మూడుసార్లు ఆగాడు. ఎవరూ నోరు మెదపలేదు. నాలుగోసారి గణాలు కుదిరాయి. పదో అక్షరం దగ్గర యతిని కూడా తానే చూపించాడు.

ఈసారి తల ఊపింది నేను.