రెండు రైళ్లు ఎక్కడ కలుస్తాయి?

మన పిల్లలకు లెక్కలు బాగా వచ్చు. ఈ మాట మనమందరం కాస్త గర్వంగానే చెప్పుకుంటాం. అయితే ఆదివారం తెలుగు బడిలో పాఠాలు చెబుతున్న మాకు ఈ మధ్య ఒక అనుమానం పట్టుకుంది. పిల్లలు లెక్క చేస్తున్నారు సరే, లెక్కను చదువుతున్నారా?

ఒకరోజు పెద్ద తరగతి పిల్లలకు ఈ లెక్క తెలుగులో చెప్పాం. "డాలస్ నుంచి హ్యూస్టన్ సుమారు 240 మైళ్లు. వెళ్లేటప్పుడు గంటకు 60 మైళ్ల వేగంతో వెళ్లాం. వచ్చేటప్పుడు వాన పట్టుకోవడంతో గంటకు 40 మైళ్ల వేగంతోనే వచ్చాం. రానూపోనూ సరాసరి వేగం ఎంత?" చెప్పడం పూర్తి కాకముందే నాలుగు చేతులు లేచాయి. నలుగురిదీ ఒకటే జవాబు: 50.

కాదు. వెళ్లడానికి 4 గంటలు, రావడానికి 6 గంటలు పట్టింది. మొత్తం 480 మైళ్లు, 10 గంటలు. అంటే సరాసరి 48. నెమ్మదిగా వచ్చిన ప్రయాణంలో ఎక్కువసేపు ఉన్నాం కాబట్టి సరాసరి అటువైపు మొగ్గింది. పిల్లలకు కూడిక, భాగహారం రాక కాదు. 60, 40 వినబడగానే మిగతా మాటలు వదిలేశారు. తప్పంతా వాళ్లదే అనలేం. ఎంసెట్ రోజుల్లో సూత్రాలు బట్టీపట్టి, మాటలు వదిలి అంకెలు ఏరుకున్నవాళ్లలో మేమూ ఉన్నాం.

దూరం అంటే వేగాన్ని కాలంతో గుణించడం. సూత్రం ఇంతే. కష్టమంతా మాటల్లో ఉంది. రెండు బళ్లు ఎదురెదురుగా వస్తుంటే వేగాలు కూడాలి. ఒకదాన్ని ఒకటి వెనకనుంచి తరుముతుంటే తీసివేయాలి. పడవ ఏటివాలున పోతే ప్రవాహం తోడు, ఎదురెక్కితే అదే ప్రవాహం అడ్డు. కూడాలో తీసివేయాలో చెప్పేది అంకె కాదు, మాట. ఇంగ్లీషులో గబగబా చదివేసే పిల్లవాడు తెలుగులో ప్రతి మాట దగ్గరా ఆగుతాడు. ఆ ఆగడమే మాకు కావాలి.

తర్వాతి వారం ఇంకో లెక్క ఇచ్చి, ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చేసుకు రమ్మన్నాం. "విశాఖపట్నం, విజయవాడల మధ్య రైలు దారి సుమారు 350 కిలోమీటర్లు. విశాఖ నుంచి గంటకు 80, విజయవాడ నుంచి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో రెండు రైళ్లు ఒకేసారి ఎదురెదురుగా బయలుదేరాయి. ఎప్పుడు, ఎక్కడ కలుస్తాయి?"

రెండు వేగాలు కలిపితే 140. 350ని 140తో భాగిస్తే రెండున్నర గంటలు. అప్పటికి విశాఖ రైలు 200 కిలోమీటర్లు వచ్చి ఉంటుంది. విజయవాడ ఇంకా 150 కిలోమీటర్లు. ఆ చోటు ఏమిటో తెలుసా? మన రాజమండ్రి!

ఒక అమ్మాయి జవాబుతోపాటు గోదావరి వంతెన బొమ్మ కూడా వేసుకొచ్చింది. రైలు వంతెన మీద పోతుంటే జనం నదిలోకి చిల్లర పైసలు వేసి దణ్ణం పెట్టుకుంటారని తాతయ్య ఫోన్లో చాలాసేపు చెప్పారట. "తిన్నావా? బాగా చదువుతున్నావా?" అనే రెండు ప్రశ్నలతో ఫోను అమ్మ చేతికి వెళ్లిపోయే ఇళ్లలో ఇది చిన్న సంగతి కాదు.

కొందరు తల్లిదండ్రులు అడుగుతున్నారు: "లెక్కలు స్కూల్లో ఉన్నాయి, ట్యూషన్‌లో ఉన్నాయి. వారానికి ఒక్కరోజు దొరికే తెలుగులో కూడా లెక్కలేనా?" న్యాయమైన ప్రశ్నే. మేము ఆల్జీబ్రా నేర్పబోవడం లేదు. ఈక్వేషన్‌ను ఈక్వేషన్ అనే అననివ్వండి. పది నిమిషాలు ఒక్క లెక్క తెలుగులో చదివి, అర్థం తెలుగులో చెప్పమంటున్నాం, అంతే. తెలుగంటే పద్యాలు, పండగలే అనుకునే పిల్లలకు, తెలుగులో ఆలోచించవచ్చని కూడా తెలియాలి. శతాబ్దాల క్రితమే పావులూరి మల్లన, మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగుకు లెక్కలు కొత్త కాదు.

అమ్మలకు, నాన్నలకు మా విన్నపం ఒక్కటే. వారానికి ఒక లెక్క మీరే కల్పించండి. మీ ఊరి పేరు, మీరెక్కిన బస్సు, మీరు దాటిన ఏరు అందులో పెట్టండి. జవాబు తప్పినా ఫరవాలేదు, మాట నిలుస్తుంది.

పిల్లలూ, ఇంటికి వెళ్లేటప్పుడు కారులో ఇది ఆలోచించండి. ఒక ఊరికి గంటకు 30 మైళ్ల వేగంతో వెళ్లాం. రానూపోనూ సరాసరి వేగం 60 కావాలంటే, అదే దారిన ఎంత వేగంతో తిరిగి రావాలి? తొందరపడి 90 అనకండి. లెక్కను మళ్లీ ఒకసారి చదవండి. జవాబు వచ్చే ఆదివారం తరగతిలో, తెలుగులో!