ఫియెట్ బుక్ చేస్తే... పద్మిని వచ్చింది!

ఒకప్పుడు కారు కొనాలంటే డబ్బుంటే చాలదు, ఓపిక ఉండాలి. షోరూం నుంచి ఉత్తరం వచ్చిందంటే ఊరంతా పండగే. ఆ షోరూములు పోయాయి, ఆ కంపెనీలు కార్లు చేయడం మానేశాయి. కానీ ఇంకా కొన్ని ఇళ్లలో ఆ కార్లు మాత్రం కదులుతూనే ఉన్నాయి.

విజయవాడ సూర్యారావుపేటలో ఓ పాత డాబా. గేటు తీయగానే ఎడమ పక్కన రేకుల షెడ్డు. అందులో టార్పాలిన్ కప్పుకుని ఓ కారు. ముసుగు తీస్తే తెల్లటి ప్రీమియర్ పద్మిని. 1977లో రిజిస్టరైంది. నంబరు ప్లేటు మీద ‘ఎ’తో మొదలయ్యే మూడు ఇంగ్లీషు అక్షరాలు, పక్కన అంకెలు. డ్యాష్‌బోర్డు అర తెరిస్తే పసుపురంగుకు తిరిగిన ఓ కాగితం. ‘మీ వంతు వచ్చింది, మిగతా సొమ్ము కట్టి బండి తీసుకెళ్లండి’ అని కార్ల షోరూం మేనేజరు పంపిన ఉత్తరం అది.

ఆ ఇంటాయన రిటైర్డ్ లెక్చరర్. కారు కాగితాలన్నీ బీరువాలో భద్రంగా ఉన్నాయి, ఈ ఒక్క ఉత్తరం తప్ప. ‘‘అది నాన్న పెట్టిన చోటు. కదపబుద్ధి కాలేదు’’ అంటారాయన.

నాన్నగారు గుడివాడ పక్క పల్లెలో డాక్టరు. అర్ధరాత్రి పురుడు కబురొస్తే సైకిలు మీదో, ఎడ్లబండి మీదో వెళ్లాల్సి వచ్చేది. కారుంటే రోగిని అదే కారులో బెజవాడ చేర్చవచ్చని ఆయన ఆశ. 1971లో డబ్బు కట్టి ఫియెట్ బుక్ చేశారు. బండి వచ్చింది మాత్రం ఆరేళ్ల తర్వాత. ఈలోపు దాని పేరు కూడా మారిపోయింది!

మూడంటే మూడే

అప్పట్లో మన దేశంలో కారంటే మూడు పేర్లే. కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ చేసే అంబాసిడర్, బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ చేసే ఫియెట్, మద్రాసులో తయారయ్యే స్టాండర్డ్ హెరాల్డ్. మూడూ విదేశీ నమూనాలే. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఇక్కడ అంబాసిడర్ అయింది. ఇటలీ ఫియెట్ 1100 ఇక్కడ ఫియెట్‌గానే అమ్ముడైంది. అంబాసిడర్ 1957లో మొదలైతే, హెరాల్డ్ 1961లో వచ్చింది.

1970ల్లో దేశం మొత్తం మీద ఏడాదికి తయారయ్యే కార్లు నలభై వేలకు అటూ ఇటూ. ఎన్ని చేయాలో లైసెన్సు చెప్పేది. ఎంతకు అమ్మాలో కూడా కంపెనీ చేతిలో ఉండేది కాదు. 1969లో కేంద్ర ప్రభుత్వం మూడు కార్లకూ గరిష్ఠ ధర నిర్ణయిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. దాని మీద కంపెనీలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. ఎవరికి అమ్మాలనే విషయంలోనూ 1959 నుంచే ఓ నియంత్రణ ఉత్తర్వు ఉంది. అడిగేవాళ్లు ఎక్కువ, బళ్లు తక్కువ. అందుకే ఆ క్యూ.

పేరు మారిన కథ కూడా అప్పటిదే. ఇటలీ కంపెనీతో లైసెన్సు ఒప్పందం గడువు తీరడంతో ఫియెట్ పేరు తీసేయాల్సి వచ్చింది. కొన్నాళ్లు ‘ప్రీమియర్ ప్రెసిడెంట్’ అన్నారు. 1974 నుంచి చిత్తోడ్ రాణి పేరు మీద ‘ప్రీమియర్ పద్మిని’ అయింది. బండి మాత్రం అదే. అందుకే జనం కొత్త పేరును పెద్దగా పట్టించుకోలేదు. పద్మిని అని రాసున్నా ఫియెట్ అనే పిలిచారు. మాస్టారి ఇంట్లో ఇప్పటికీ అదే పిలుపు!

మేనేజరు గారి దర్శనం

జిల్లా మొత్తానికి ఒక్కో కంపెనీకి ఒక్కో డీలరు ఉంటే గొప్ప. షోరూం అంటే ఇప్పటిలా అద్దాల మేడ కాదు. ముందు గదిలో ఓ బల్ల, నాలుగు కుర్చీలు, గోడకు క్యాలెండరు. వెనక వర్క్‌షాపు. చూపించడానికి ఒక్కోసారి బండే ఉండేది కాదు. ఉన్నా దానికి అప్పటికే యజమాని ఉండేవాడు. కొనేవాళ్లు చూసేది కారును కాదు, మేనేజరు బల్ల మీది రిజిస్టరును. తమ పేరు ఎంత పైకి జరిగిందోనని.

డాక్టరు గారు మందుల కోసం నెలకోసారి బెజవాడ వచ్చేవారు. వచ్చిన ప్రతిసారీ బందరు రోడ్డులోని ఆ షోరూంకు వెళ్లి మేనేజరును పలకరించేవారు. మొదట్లో ‘ఏమండీ’ అన్నవాళ్లు ఆరేళ్లు గడిచేసరికి ‘బావగారూ’ అనుకునేదాకా వచ్చారు. ఇంట్లో పండిన మామిడికాయలు షోరూంకు వెళ్లేవి. మేనేజరు కూతురి పెళ్లి శుభలేఖ పల్లెకు వచ్చేది. మధ్యలో 1973 చివర్లో ప్రపంచమంతా చమురు ధరలు ఎగబాకాయి. పెట్రోలు రేటు చూసి కొందరు వెనక్కి తగ్గారు. వాళ్ల పేర్లు పోయినప్పుడల్లా డాక్టరు గారి పేరు ఓ మెట్టు పైకెక్కింది.

రంగు మన ఇష్టం కాదు. ఏది వస్తే అదే మన రంగు. నీలం అడిగితే తెలుపు వచ్చింది. ‘‘డాక్టరు బండి తెల్లగా ఉండటమే మంచిది’’ అని మేనేజరు సర్ది చెప్పాడట. ఆ రోజు ఇంద్రకీలాద్రి కింద కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి బయల్దేరారు. ఊరి పొలిమేరలోనే పిల్లలు ఎదురొచ్చి కారు వెంట పరుగులు. మర్నాటి నుంచి దాన్ని డాక్టరు గారి కారు అనలేదెవరూ, ‘మన ఊరి కారు’ అన్నారు. ఎన్ని పురుళ్లకు, ఎన్ని పాముకాట్లకు ఆ వెనక సీటు ఆసరా అయిందో లెక్కలేదు.

ఇదంతా తీపి జ్ఞాపకమే కాదు. చేదూ ఉంది. ఈ క్యూ పుణ్యమాని బ్లాకు వ్యాపారం పుట్టింది. వంతు వచ్చినవాడు ‘ఆన్’ పుచ్చుకుని ఇంకొకరికి బండి అప్పగించేవాడు. పలుకుబడి ఉన్నవాడి పేరు రాత్రికి రాత్రి పైకి పాకేది. ‘‘ఆరేళ్లలో నాన్న చేరవేయలేకపోయిన రోగులూ ఉన్నారు. ఆ రోజులే బాగుండేవని నేననను’’ అంటారు మాస్టారు నిక్కచ్చిగా.

తడిగుడ్డ వైద్యం

ఈ బళ్లతో కాపురం కూడా అంత తేలిక కాదు. చలికాలం పొద్దున చోక్ లాగనిదే ఇంజను మేలుకోదు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం నడిరోడ్డు మీద ఆగిపోతుంది. వేడికి గొట్టంలోనే పెట్రోలు ఆవిరైపోయి కార్బ్యురేటర్‌కు అందకపోవడమే కారణం. దానికో ఇంటి వైద్యం ఉంది. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి, చెట్టు కింద పావుగంట కూర్చోవడం! అందుకే డిక్కీలో స్టెప్నీ, జాకీలతో పాటు నీళ్ల క్యాను, పాత తుండుగుడ్డ తప్పనిసరి.

గేరు స్టీరింగు పక్కనే. ముందు కూడా పొడుగాటి సీటే కాబట్టి డ్రైవరు పక్కన ఇద్దరు, వాళ్ల ఒళ్లో ఇద్దరు. ఇక అంబాసిడర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. పెళ్లివారి బండి అంటే అదే. పది మందిని ఎక్కించుకున్నా కిక్కురుమనేది కాదు.

ఈ కార్ల గొప్పతనం ఇంకోటుంది. పాడవడం ఎంత సులువో, బాగవడమూ అంతే సులువు. బానెట్ ఎత్తితే ప్రతి భాగం కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో బడికి వెళ్లని కుర్రాడు కూడా మేస్త్రీ పక్కన రెండేళ్లుంటే ఇంజను విప్పి బిగించేవాడు. దొరకని భాగాన్ని లేతు మిషను మీద తయారు చేసేవారు. పెట్రోలు ఇంజను తీసేసి డీజిల్ ఇంజను బిగించిన అంబాసిడర్లకు అయితే లెక్కే లేదు. మాస్టారి బండిని మొదటి నుంచీ చూస్తున్నది షోరూం వర్క్‌షాపులో పనిచేసిన మేస్త్రీయే. షోరూం మూతపడ్డాక ఆటోనగర్‌లో సొంత షెడ్డు పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆయన కొడుకు చూస్తున్నాడు.

క్యూ మాయమైంది

1983లో మారుతి బుకింగులు తెరిస్తే రెండు నెలల్లోనే లక్షా ముప్ఫై అయిదు వేల మంది పది వేల రూపాయల చొప్పున కట్టారు. ఆ ఏడాది డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా తొలి మారుతి 800 తాళాలు అందుకున్న హర్‌పాల్ సింగ్, దాని కోసం తన పాత ఫియెట్‌నే అమ్మేశారు. పాతతరం కార్లకు అది తొలి హెచ్చరిక. 1993లో కార్ల తయారీకి లైసెన్సు బెడద తొలగింది. 1998లో శాంత్రో, ఇండికా వచ్చాయి. 2000 నాటికి పద్మిని, 2014 మేలో అంబాసిడర్ తయారీ ఆగిపోయాయి. మారుతి 800 కూడా అదే ఏడాది జనవరిలో సెలవు తీసుకుంది. బొంబాయి వీధుల్లో మిగిలిన చివరి పద్మిని ట్యాక్సీకి 2023 అక్టోబరులో కాలం చెల్లింది.

ఒకప్పుడు కారు ఉత్తర్‌పారా నుంచి వస్తుందని రోజులు లెక్కపెట్టిన తెలుగునాట, 2019 నుంచి పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీలో కార్లు తయారై విదేశాలకు కూడా వెళ్తున్నాయి. బందరు రోడ్డులో అప్పటి షోరూం ఉన్న చోట ఇప్పుడు బట్టల దుకాణం, పైన సెల్‌ఫోన్ల కొట్టు.

యాభై నిండితే...

మాస్టారి ముందు ఇప్పుడో చిక్కు ప్రశ్న ఉంది. పదిహేనేళ్లు దాటిన కారుకు ప్రతి అయిదేళ్లకూ రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఒకప్పుడు ఆరు వందలతో పోయే ఫీజు 2022 ఏప్రిల్‌లో అయిదు వేలకు పెరిగింది. ఆ ఏడాదే ఆయన కట్టారు. మళ్లీ గడువు 2027. సరిగ్గా అప్పటికే కారుకు యాభై ఏళ్లు నిండుతాయి.

2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై దాటి, ఇంజను, బాడీ మార్చకుండా అసలు రూపంలో ఉన్న కారును ‘వింటేజ్’ బండిగా నమోదు చేయించుకోవచ్చు. పాత నంబరు పాతదిగానే ఉంటుంది. డీజిల్ ఇంజను బిగించిన బళ్లకు ఆ అదృష్టం కష్టమే. మాస్టారి కారుకు మాత్రం అన్ని అర్హతలూ ఉన్నాయి. మరి ఇబ్బందేంటి అంటారా? వింటేజ్ బండిని రోజువారీ పనులకు రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో మాత్రమే తీయాలి.

గౌరవం కావాలా, రోడ్డు కావాలా... ఇదీ ప్రశ్న.

అమెరికా నుంచి ఫోన్ చేసే కొడుకు వింటేజ్ చేయించేయమంటాడు. మేస్త్రీ కొడుకూ అదే మాట. వాళ్లమ్మ ఉన్నన్నాళ్లూ ప్రతి శుక్రవారం మాస్టారు ఆమెను ఈ కారులోనే కొండ కిందకు తీసుకెళ్లేవారు. ఇప్పుడు ఒక్కరే వెళ్తారు. వీధి మలుపులో ఇడ్లీ బండి అబ్బాయి ఆ హారన్ వినగానే తన బండిని పక్కకు జరుపుతాడు.

‘‘నాన్న ఆరేళ్లు ఎదురుచూసింది దీన్ని షెడ్డులో పెట్టుకోవడానికి కాదు కదండీ!’’ అంటూ మాస్టారు చోక్ లాగారు. రెండుసార్లు దగ్గి, మూడోసారికి ఫియెట్ అందుకుంది. ఆ రోజు శుక్రవారం.