సగము మాట చేనుకు చేటు

(ఒక వ్యవసాయాధికారి, బి.యస్సి. అగ్రికల్చర్)



మన పరిశోధనా స్థానములలో ఏటేటా కొత్త విషయములు తేలుచున్నవి. ఒక చోట కొత్త వంగడము, ఒక చోట ఎరువు వేయు పద్ధతి, మరియొక చోట పురుగు నివారణకు ఉపాయము. వీటిని మీ చెవిని వేయుట మా వంటి వారి పని. అందుకు కరపత్రములు అచ్చు వేయుచున్నాము, గ్రామ సభలు జరుపుచున్నాము, రేడియోలో ప్రసంగించుచున్నాము, ఇప్పుడు చేతి ఫోనులకు సందేశములు కూడ పంపుచున్నాము. వార్త చేరుటలో పూర్వపు ఆలస్యము లేదు. అయితే వార్త చేరినంత మాత్రమున విషయము చేరినట్లేనా? ఈ ప్రశ్ననే నేడు మీ ముందుంచుచున్నాను.

నా అభిప్రాయము సూటిగా చెప్పెదను. కొత్త విషయమును దాని హద్దులతో కలిపి చెప్పవలెను. ఏ నేలలో, ఏ కాలములో, ఎంత నీటితో ఆ ఫలితము వచ్చినదో చెప్పవలెను. అది ఏ పని చేయునో, ఏ పని చేయదో కూడ చెప్పవలెను. లేనిచో అది సగము మాట. సగము మాటకు సగము లాభమైనా వచ్చునని తలచరాదు. ఒక్కొక్కప్పుడు పూర్తి నష్టమే వచ్చును.

నేను చేసిన పొరపాటు

ఇతరులను తప్పు పట్టుటకు ఈ వ్యాసము వ్రాయుట లేదు. ముందుగా నా తప్పునే చెప్పుకొందును.

బాపట్ల పరిశోధనా స్థానము నుండి 1986లో విడుదలైన బి.పి.టి. 5204 వరి వంగడమును మీరందరు ఎరుగుదురు. సాంబ మసూరి అను పేరుతో అది ఇంటింటి బియ్యమైనది. గింజ సన్నము, అన్నము రుచి, అంగడిలో మంచి ధర. కాని దానికి బాక్టీరియా ఎండాకు తెగులు పెద్ద బెడద. ఆకుల అంచులు అలలు అలలుగా పసుపు పచ్చబడి, చివర నుండి ఎండిపోవును. ఇది మందులతో సరిగా అదుపునకు వచ్చు తెగులు కాదు. అందుచేత హైదరాబాదులోని వరి పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు, సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు కలిసి పనిచేసి, ఆ తెగులును నిలువరించు 3 జన్యువులను సంకరణము ద్వారా సాంబ మసూరిలోనికి తెచ్చినారు. గింజ గుణము చెడకుండ తెగులును తట్టుకొను శక్తి మాత్రము చేరినది. అట్లు తయారైన మెరుగుపరచిన సాంబ మసూరి 2008లో విడుదలైనది. ఇది మెచ్చుకొనదగిన పని.

ఉద్యోగములో చేరిన కొత్తలో ఒక గ్రామ సభలో నేను దీనిని గురించి చెప్పినాను. నల్లబల్ల మీద పెద్ద అక్షరములతో “తెగులు తట్టుకొను సాంబ మసూరి” అని వ్రాసినాను. ఏ తెగులో వ్రాయలేదు. నోటితో ఒకసారి చెప్పినానేమో, గుర్తు లేదు. వినిన వారికి గుర్తున్నది మాత్రము బల్ల మీది మాటయే.

ఆ సభకు వచ్చిన ఒక రైతు, 3 ఎకరముల కౌలుదారు, ఆ విత్తనము వేసినాడు. పైరు బాగా పెరిగినది. తెగులు రాదు గదా అను ధైర్యముతో యూరియా కొంత ఎక్కువగానే చల్లినాడు. కార్తీక మాసములో రాత్రులు చలి, తెల్లవారుజామున మంచు పట్టినవి. వెన్నుల మెడలు నల్లబడి విరిగినవి. ఒకనాటి ఉదయము ఆయన గుప్పెడు తాలు వెన్నులు పట్టుకొని మా కార్యాలయమునకు వచ్చినాడు.

“తెగులు రాదన్నారు గదండీ?” అని అడిగినాడు.

“ఇది అగ్గి తెగులు, పెద్దాయనా. మెడవిరుపు. ఈ వంగడము ఆపేది ఎండాకు తెగులును మాత్రమే” అన్నాను.

ఆయన కోపగించుకొనలేదు. “ఆ ముక్క ఆ రోజే చెప్పుంటే చేను చూసుకునేవాణ్ణండీ. యూరియా కూడా అంత చల్లేవాణ్ణి కాదు” అన్నాడు.

నాకు మాట రాలేదు. ఎండాకు తెగులును తట్టుకొను ఆ 3 జన్యువులకు అగ్గి తెగులును ఆపు శక్తి లేదు. నత్రజని ఎక్కువైన చేనిలో అగ్గి తెగులు మరింత విజృంభించును. ఈ రెండు సంగతులు నేను చదివినవే. శాస్త్రజ్ఞులు దాచిపెట్టినవి కావు. దారిలో నేను జారవిడిచినవి. ఆ సంవత్సరము ఆయన గాదె నిండకపోయినను కౌలు బస్తాలు కొలువక తప్పలేదు.

కారణము చెప్పని పొట్లము

ఇటువంటిదే పెద్ద ఎత్తున ప్రత్తి విషయములో జరిగినది. మన దేశములో బి.టి. ప్రత్తికి 2002లో అనుమతి లభించినది. రెండు జన్యువులు గల రకము 2006లో వచ్చినది. 450 గ్రాముల బి.టి. విత్తనపు పొట్లముతో పాటు 120 గ్రాముల మామూలు ప్రత్తి విత్తనపు పొట్లము కూడ ఇచ్చెడివారు. దానిని చేను చుట్టు వరుసలుగా వేయవలెనని నియమము. అనేక గ్రామములలో ఆ చిన్న పొట్లము గట్టు మీదనే మిగిలిపోయినది.

ఎందుకు వేయలేదు? పురుగు పట్టు మొక్కలను కోరి పెంచుట ఎందుకని రైతు తలచినాడు. అతని దృష్టిలో ఆ ఆలోచన న్యాయమైనదే. కాని అసలు కారణము వేరు. బి.టి. మొక్కలను తిని కూడ చావక మిగిలిన కొద్ది పురుగులు తమలో తాము జతకట్టిన యెడల, వాటి సంతానమంతయు మందునకు లొంగని సంతానమగును. మామూలు మొక్కల మీద పెరిగిన పురుగులు వాటితో జతకట్టిన యెడల, ఆ మొండి గుణము త్వరగా వ్యాపింపదు. పొలము అంచున ఉన్న ఆ వరుసలు పురుగునకు పెట్టిన విందు కాదు. రాబోవు సంవత్సరముల పంటకు కట్టిన కంచె. ఈ నాలుగు మాటలు పొట్లముతో పాటు ఊరూర చెప్పి ఉండవలసినది.

గులాబి రంగు పురుగు మొదటి రకపు బి.టి.కి లొంగుట లేదని 2010లో గుజరాతు నుండి వెల్లడైనది. తరువాత కొన్ని సంవత్సరములకే రెండు జన్యువుల రకమును కూడ అది జయించినది. దీనికి ఆ పొట్లమొక్కటే కారణమని నేననను. ప్రత్తిని వేసవి వరకు పొలములో ఉంచుట వంటి ఇతర కారణములు కూడ కలవు. అయినను, వస్తువును చేతికిచ్చి కారణమును చెప్పకున్నచో ఏమగునో తెలియుటకు ఇది చాలును.

పూర్తి మాట ఎట్లుండును?

మంచి ఉదాహరణములు కూడ కలవు. హిమాలయ పాదముననున్న తరాయి భూములలో వరికి “ఖైరా” అను జబ్బు వచ్చెడిది. ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు పడి, పైరు గిడసబారెడిది. పంత్‌నగర్ విశ్వవిద్యాలయములో వై.ఎల్. నేనె 1960 దశకములో దానిని పరిశోధించి, అది శిలీంధ్రము వలన గాని, పురుగు వలన గాని వచ్చినది కాదని, నేలలో జింకు లోపమని నిరూపించినారు. జింకు సల్ఫేటు అందించగానే పైరు తేరుకొన్నది.

ఆ విషయము మన పొలములకు చేరిన తీరు చూడుడు. జింకు లోపించిన నేలలో ప్రతి 3 పంటలకు ఒకసారి, ఆఖరు దుక్కిలో, ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయవలెను. నిలిచిన పైరులో లోపము కనిపించిన యెడల లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కలిపి, 5 రోజుల ఎడముతో 2, 3 సార్లు పిచికారి చేయవలెను. భాస్వరపు ఎరువులతో కలిపి వేయరాదు. కలిపినచో జింకు మొక్కకు అందని రూపము పొందును. ఏమి వేయవలెను, ఎంత వేయవలెను, ఎప్పుడు వేయవలెను, ఎట్లు వేయరాదు, ఎందుకు వేయరాదు అన్నియు ఇందులో కలవు. ఇది పూర్తి మాట. నాలుగు వాక్యములకు మించలేదు.

మరియొక ఉదాహరణము గోదావరి జిల్లాల వారికి దగ్గరిది. మార్టేరు స్థానము నుండి 1982లో విడుదలైన స్వర్ణ వరిలోనికి, ఒడిశా నాటు వరి నుండి గ్రహించిన ముంపును తట్టుకొను జన్యువును ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో తెచ్చినారు. ఆ స్వర్ణ సబ్ 1 రకము 2009లో మన దేశములో విడుదలైనది. మునిగినప్పుడు మామూలు వరి నీటిపైకి సాగవలెనని తన బలమంతయు ఖర్చు చేసుకొని, నీరు తీయగానే కూలబడును. ఇది ఎదుగుదల ఆపి, బలము దాచుకొని, నీరు తీసిన తరువాత తిరిగి చిగిర్చును. గొప్ప సంగతి. కాని దీని హద్దు కూడ వినుడు. పైరు ఎదుగు దశలో సుమారు రెండు వారముల ముంపు వరకే దీని శక్తి. పూత దశలో మునిగినచో ఇది కాపాడదు. “ముంపుకు చావని వరి” అని మాత్రము చెప్పి విత్తనమిచ్చుట, మునుపు నేను నల్లబల్ల మీద చేసిన పనియే అగును.

కాలువ చివర నీరు

ఇట్లు ఎందుకు జరుగుచున్నది? శాస్త్రజ్ఞుని వ్యాసములో హద్దులన్నియు ఉండును. అది పత్రికా ప్రకటనలో కొంత కుదించుకొనును. మా కరపత్రములో మరికొంత. ఫోను సందేశములో ఒక్క వాక్యము మిగులును. కాలువ తలలో విడిచిన నీరు చివరి భూములకు చేరునప్పటికి ఎంత మిగులునో మీకు తెలియును. ఇక్కడ ఒక చిత్రమున్నది. దారిలో ముందుగా ఇంకిపోవునది హద్దుల మాట. చివరి వరకు చెక్కుచెదరక వచ్చునది దిగుబడి అంకె. పరిశోధనా క్షేత్రములో నేల చదును, నీరు అదనున, కూలీలు సమయమునకు. ఆ అంకె ఆ పరిస్థితులకు చెందినది. అది అబద్ధము కాదు. కాని మీ చేనికి వాగ్దానము కూడ కాదు.

“రైతుకు ఇన్ని వివరములు చెప్పిన గందరగోళ పడును, ఒక్క ముక్కలో చెప్పవలెను” అని నా సహోద్యోగులలో కొందరందురు. వారి బాధ నేనెరుగుదును. ఒక్కొక్కరి క్రింద అనేక గ్రామములు. సభకు దొరకునది గంట సమయము. అయినను వారితో ఏకీభవింపలేను. సంతలో ఎద్దును కొనునప్పుడు రైతు పండ్లు చూచును, సుడులు చూచును, నడిపించి చూచును, పాత యజమాని ఎందుకు అమ్ముచున్నాడో ఆరా తీయును. “మంచి ఎద్దు” అను ఒక్క ముక్కకు డబ్బు చెల్లించు రైతును నేనింతవరకు చూడలేదు. ఎద్దు విషయములో ఇన్ని సంగతులు చూడగలిగినవాడు, విత్తనము విషయములో నాలుగు సంగతులు వినలేడా? అర్థము కాదనుట మన సోమరితనమునకు మనము పెట్టుకొన్న పేరు.

మీరు అడుగవలసిన ప్రశ్నలు

కావున రైతు సోదరులకు నా మనవి. ఇకమీదట ఎవరు కొత్త విషయము చెప్పినను, నేను చెప్పినను, ఈ 5 ప్రశ్నలు అడుగుడు:

1. ఇది ఏ నేలలో, ఏ కాలములో పరీక్షించినారు? నీటి వసతి ఎట్టిది?
2. దేనితో పోల్చి ఇది మేలన్నారు?
3. ఎన్ని సంవత్సరములు, ఎన్ని చోట్ల చూచినారు?
4. ఎకరమునకు అదనపు ఖర్చు ఎంత? కూలీల అవసరము పెరుగునా?
5. ఇది చేయని పని ఏది?

ఐదవ ప్రశ్న అన్నింటికంటె ముఖ్యము. దానికి సమాధానము తెలియనివాడు ఆ విషయమును పూర్తిగా తెలిసికొననట్లే.

తరువాత, మొత్తము పొలములో ఒకేసారి మార్పు చేయకుడు. 10 సెంట్లలో కొత్తది, ప్రక్కనే 10 సెంట్లలో మీ పాత పద్ధతి పెట్టుడు. ఎరువు, నీరు రెండింటికిని సమానముగా ఇచ్చి, విడివిడిగా నూర్చి, తూచి చూచుకొనుడు. 1964-65లో పొట్టి గోధుమలను ప్రచారము చేసినప్పుడు ఎం.ఎస్. స్వామినాథన్ గారు ప్రదర్శన మళ్లను చిన్న రైతుల పొలములలోనే వేయించినారు. ధనికుని చేనిలో పండినచో అది డబ్బు మహిమ అందురు. చిన్న రైతు చేనిలో పండినచో విత్తనపు మహిమ అందురు. ఆ వివేకము నేటికిని పాతబడలేదు.

మీ 10 సెంట్లలో ఫలితము బాగున్నను, బాగుండకున్నను మాకు తెలియజేయుడు. బాగుండని సంగతి మరింత తప్పక చెప్పుడు. పరిశోధనా స్థానము నుండి చేనికి వచ్చు దారి, చేని నుండి పరిశోధనా స్థానమునకు పోవు దారి ఒక్కటే. దానిమీద మీ నడక ఆగినచో, శాస్త్రజ్ఞునికి తన పని ఎంతవరకు పనికివచ్చినదో తెలియు మార్గము లేదు.

నా తోటి అధికారులకు ఒక మాట. మనము ఇచ్చు ప్రతి కరపత్రములో చివర ఒక వరుస కేటాయింతము: “ఇది ఏమి చేయదు?” అని. ఆ వరుస వ్రాయుటకు పెద్ద ఖర్చు కాదు. వ్రాయనందుకు ఖర్చు భరించువాడు మనము కాదు, కౌలుదారు.

ఆ పెద్దాయన మరుసటి సంవత్సరము కూడ మెరుగుపరచిన సాంబ మసూరినే వేసినాడు. ఈసారి యూరియా మితముగా వేసి, చలి ప్రారంభము నుండి రోజు విడిచి రోజు చేను చుట్టి వచ్చినాడు. నేను వేరొక సభలో నల్లబల్ల మీద ఆ వంగడము పేరు వ్రాయుచుండగా, వెనుక వరుస నుండి ఆయన గొంతు వినిపించినది: “ఏ తెగులో కూడా రాయండి సారూ!” 

వ్రాసినాను. ఇప్పుడు మీకును వ్రాయుచున్నాను.