కప్పులు పోను మిగిలింది

మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో మళ్ళీ అదే పాట మొదలైంది. సంక్రాంతికి అందరం తిరుపతిలోనే ఉంటాం కదా, చెస్ టోర్నమెంటు పెట్టి ఏదైనా పల్లె బడికి డబ్బులు పోగేద్దామని. వద్దు సామీ అన్నది నేనొక్కణ్ణే. దాంతో మంచిపనికి అడ్డం పడే రకం అన్న పేరొచ్చింది. పేరెలాగూ వచ్చింది కాబట్టి ఇక మొహమాటం లేకుండా చెప్పేస్తా.

2021 నవంబరు వానలు మా వైపు వాళ్ళెవరూ మర్చిపోరు. స్వర్ణముఖి పొంగింది, శ్రీవారి మెట్టు దారి దెబ్బతింది, రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని కింది ఊళ్ళు ఖాళీ చేయించారు. ఆ వానల్లో ఓ బడిలో పుస్తకాలన్నీ తడిసి ముద్దయ్యాయని తెలిసి మేం ఎనిమిదిమందిమి చెస్ పోటీ పెట్టాం. 64 మంది వచ్చారు, మనిషికి 200. మొత్తం 12,800. ఆహా అనుకున్నాం.

ఇక ఖర్చు చూడండి. ప్రైజులు 5,000. కప్పులు 2,400. షామియానా, కుర్చీలు 2,200. ఫ్లెక్సీ 1,400 (అందులో మా ఎనిమిదిమంది మొహాలూ ఉన్నాయి, ఆడేవాళ్ళవి తప్ప). అతిథులకు శాలువాలు, బొకేలు 900. అన్నీ పోను మిగిలింది కూడా అక్షరాలా 900. అంటే శాలువాకెంతో బడికీ అంతే!

ఆ తొమ్మిది వందలు పట్టుకుని హెడ్మాస్టరు ముందుకెళ్ళే మొహం ఎవరికీ లేక, తలా వెయ్యి వేసి 8,900 చేసి ఇచ్చాం. బడికి డబ్బిచ్చింది మా జేబులు. పోటీ ఇచ్చింది ఫోటోలు. ఈ ముక్క గుర్తు చేస్తే మావాళ్ళకి కోపం.

"ఊరికే అడిగితే ఎవరిస్తార్రా" అంటారు. వినాయక చవితికి రోడ్డుకి తాడు కట్టి, లారీలు ఆపి మరీ చందా అడుగుతాం కదా? అప్పుడు రాని సిగ్గు బడి పేరు చెప్పేసరికి ఎందుకొస్తుందో నాకిప్పటికీ అర్థం కాదు.

అసలు తప్పు ప్రైజు మనీది. మొదటి బహుమతి పక్క రాష్ట్రం నుంచి వచ్చిన ఓ కుర్రాడు పట్టుకెళ్ళాడు. బస్సు దిగాడు, గెలిచాడు, బస్సెక్కాడు. వాడి తప్పేం లేదు, డబ్బులిస్తామని రాసింది మేము. ఆన్‌లైన్ రమ్మీని మన రాష్ట్రం 2020లో నిషేధిస్తే చప్పట్లు కొట్టినవాళ్ళమే, ఇక్కడ ఎంట్రీ ఫీజులు పోగేసి గెలిచినవాళ్ళకి పంచాం. చట్టం సంగతి కాదు నేననేది, వరస సంగతి.

రెండో తప్పు నాది. నాకౌట్ పెట్టమన్నది నేనే. ప్రోగ్రాములు రాసి బతికేవాణ్ణి, 64 మందికి 63 ఆటల్లో తేలిపోతుందని లెక్క కట్టి మురిసిపోయా. మొదటి రౌండు అయ్యేసరికి 32 మంది చెప్పులేసుకున్నారు. పిల్లల వెంట వచ్చిన అమ్మానాన్నలూ వెళ్ళిపోయారు. మావాడొకడి అమ్మగారు పాపం గంపెడు బజ్జీలు చేసుకొస్తే కొనేవాళ్ళు లేక మేమే తిన్నాం. అదే స్విస్ పద్ధతిలో ఆరు రౌండ్లు పెడితే 192 ఆటలు, ఓడినవాడూ సాయంత్రం దాకా ఉంటాడు, టీ తాగుతాడు, ఇంకో పది రూపాయలు డబ్బాలో వేస్తాడు. నిధుల కోసం పెట్టే ఆటలో మనుషుల్ని తొందరగా ఇంటికి పంపడం కన్నా తెలివితక్కువ పని ఇంకోటుంటుందా?

"కోనేరు హంపి 2019లోనూ, 2024లోనూ రాపిడ్‌లో ప్రపంచ చాంపియన్ అయింది, నువ్వేంది చెస్‌ని తక్కువ చేస్తావు" అని ఒకడు ఎగిరాడు. చెస్ మీద నాకేం పగ లేదబ్బా. చెస్ తెలియని నాన్న, అవ్వ ఆ రోజు కుర్చీల్లో కూర్చుని కునికిపాట్లు పడ్డారు, నా బాధ అది.

అందుకే పులి-మేక అంటున్నా. సుద్దముక్కతో గచ్చు మీద గీయొచ్చు. 23 కూడళ్ళు, మూడు పులులు, పదిహేను మేకలు. పులులకి గులకరాళ్ళు, మేకలకి చింతగింజలు. పులి దూకి మేకను తింటుంది, మేకలు చుట్టుముట్టి పులిని కదలకుండా కట్టేస్తాయి. మేకలన్నీ దిగేదాకా ఒక్క మేకా కదలకూడదు, ఓర్పు లేనివాడు అక్కడే పోతాడు. మా అవ్వ బడి మొహం చూడలేదు. చెనిక్కాయలు ఒలుస్తూనే మేకలతో నా పులుల్ని కట్టేసేది. దాన్ని పులిజూదం అని కూడా అంటారు. పేరులో జూదం ఉన్నా పందెం లేకుండానే ఆడేవాళ్ళం. మా చెస్‌కి పేరులో లేదు గానీ...

ఈసారికి నా షరతులివి. డబ్బు బహుమతి లేదు, గెలిచినవాడి పేరుతో బడికి పుస్తకాలు. శాలువాలు లేవు. ఫ్లెక్సీ అసలే లేదు. వచ్చిందెంతో, పోయిందెంతో ఆ సాయంత్రమే అక్కడే పలక మీద రాయాలి. మనవడు, అవ్వ జోడీగా వస్తే సగం ఫీజే.

ఇది కుదరదన్న ముగ్గురూ శనివారం మా ఇంటికి రండి. పులులు మీరే తీసుకోండి.