విజయ శాసనాలు, చందుపట్ల రాయి

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటిష్ ప్రభుత్వం అనేక భారతీయ గ్రామాల్లో పెట్టించిన పాలరాతి ఫలకాల మీద ఊరి నుంచి యుద్ధానికి వెళ్ళినవారెందరో, తిరిగిరానివారెందరో అంకెలు కనిపిస్తాయి గాని పేర్లు కనిపించవు. పోరు ముగింపును రాతికెక్కించే పని ఓరుగల్లు సీమలో అంతకు ఏడున్నర శతాబ్దాల ముందే జరిగింది. అక్కడ పేర్లకు కొదవ లేదు, అయితే అవి ఎవరి పేర్లన్నదే చూడవలసిన సంగతి.

హనుమకొండ వేయిస్తంభాల గుడి త్రికూటాలయం, అంటే శివుడు, వాసుదేవుడు, సూర్యుడు అనే ముగ్గురు దేవుళ్ళకు మూడు గర్భగుళ్ళున్న కట్టడం. అచింతేంద్రుడు రచించిన అక్కడి 1163 నాటి శాసనం, గుడికి మద్దిచెరువుల గ్రామాన్ని ధారపోసిన సందర్భంలో కాకతీయ రాజు రుద్రదేవుడు దొమ్మరాజును, మేడరాజును, మైలిగిదేవుణ్ణి, భీముణ్ణి అణచిన వైనాన్ని వర్ణిస్తుంది. చాళుక్య తైలపుడు రుద్రదేవుడి భయంతో అతిసారం పట్టి మరణించాడని కూడా అందులో ఉంది. గెలిచినవాడి కవికి పగవాడి కడుపు మీద సైతం అధికారం ఉంటుంది కాబోలు!

నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నవంబరు నాటి రాయి దీనికి పూర్తిగా భిన్నం. సేనాని మల్లికార్జున నాయకుడి బంటు పువ్వుల ముమ్మడి, తన నాయకుడికీ కాకతీయ రాణి రుద్రమదేవికీ శివలోక ప్రాప్తి కలగాలని సోమనాథదేవుడికి భూమి దానమిచ్చి ఈ శాసనం వేయించాడు. మరణాన్ని చెప్పిన ముమ్మడి చంపిందెవరో చెప్పలేదు. మరుసటి ఏడాది త్రిపురాంతకంలో, రుద్రమపై తిరగబడిన కాయస్థ సామంతుడు అంబదేవుడు వేయించిన శాసనం మాత్రం, మల్లికార్జునుడి సప్తాంగాలను, అంటే రాజు, మంత్రి, జనపదం, దుర్గం, కోశం, సైన్యం, మిత్రులు అనే రాజ్యపు ఏడు అంగాలను తాను హరించానని చాటుకుంటూ, రుద్రమ పేరెత్తదు. ఈ రెండు రాళ్ళనూ పక్కపక్కన పెట్టి చదివితేనే, ఆమె అంబదేవుడితో జరిగిన పోరులో మరణించిందని చరిత్రకారులు ఊహించగలిగారు. ఒక్క రాణి మరణం తెలియడానికి ఒక బంటు భక్తీ, ఒక శత్రువు గొప్పలూ రెండూ అవసరమయ్యాయి.

1323లో ఢిల్లీ సేనల చేతిలో కాకతీయుల రాజధాని ఓరుగల్లు పతనమైనప్పుడు ఆ చివరి యుద్ధాన్ని చెప్పే బాధ్యత దూరాన ఉన్న రాగిరేకుల మీద పడింది. ఆ తర్వాత తీరాంధ్రను ఏలిన ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం, వెన్నయ అనే బ్రాహ్మణుడికి విలస గ్రామాన్ని దానమిస్తూ, చివరి కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు ఢిల్లీకి బందీగా వెళుతూ నర్మదా తీరంలో మరణించడాన్నీ, ఆ తర్వాత పండిన పంట రైతులకు దక్కని దురవస్థనూ నమోదు చేసింది.