ఇల్లు వేరు, ఇళ్లు వేరు

‘ఆయన ఇల్లు కడుతున్నాడు’ అంటే ఒక గృహస్థు సంగతి. ‘ఆయన ఇళ్లు కడుతున్నాడు’ అంటే బిల్డరు సంగతి. ఈ రెంటికీ మధ్య ఉన్నదల్లా నాలుక మడత. ‘ల’ అనేటప్పుడు నాలుక కొస పైపళ్ల మొదలును తాకుతుంది. ‘ళ’ అనేటప్పుడు వెనక్కి మడుచుకుని అంగిటిని తాకుతుంది. ఆ కాస్త కదలికతోనే తెలుగు ఒకదాన్ని పదిగా చేసేస్తుంది. ముల్లు ఒకటే, ముళ్లు చాలా.

భాషలో అర్థం పుట్టేది ఇలాంటి తేడాల్లోంచే. స్విట్జర్లాండ్ భాషావేత్త ఫెర్డినాండ్ ద సొస్యూర్ జెనీవాలో చెప్పిన పాఠాలు ఆయన పోయిన మూడేళ్లకు, 1916లో పుస్తకంగా వచ్చాయి. ఏ ధ్వనికైనా విలువ వచ్చేది అది పక్క ధ్వని కాకపోవడం వల్లనేనని వాటి సారాంశం. తెలుగు పిల్లలకు ఇది పలక మీదే తెలిసిపోతుంది. దీర్ఘం పెడితే మెడ కాస్తా మేడ అవుతుంది. ‘శకలం’ అంటే ముక్క, ‘సకలం’ అంటే మొత్తం. శ, స ఒకటిగా పలికే నోట్లో ముక్కకూ మొత్తానికీ మధ్య గోడ కూలిపోతుంది.

సామెతల బలమూ ఇదే. ‘పేరు గొప్ప, ఊరు దిబ్బ’లో చివరి మాటలు రెండూ చెవికి తోబుట్టువుల్లా వినిపిస్తాయి, అర్థంలో మాత్రం ఎదురెదురుగా నిలబడతాయి. అందుకే అది తరాల తరబడి నోటి మీద నిలిచింది.

కళ కూడా ఈ ఎదురుబొదురు మీదే బతుకుతుంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్లు మేకతోలును వెలుతురు పారేంత పలచగా చేసి, రంగులు వేసి, నగలు ఉండాల్సిన చోట సన్నసన్నగా చిల్లులు కొడతారు. తెర వెనక ఒకప్పుడు ఆముదం దీపాలు ఉండేవి, ఇప్పుడు కరెంటు బల్బు. ఆ చిల్లుల్లోంచి దూసుకొచ్చే వెలుగే సీతమ్మ హారం. చుట్టూ ఉన్న తోలు వెలుగును ఆపుతోంది కాబట్టే హారం మెరుస్తోంది. తోలంతా తూట్లు పొడిచేస్తే హారమూ మిగలదు, సీతా మిగలదు.

కథ నడపడంలోనూ అదే నేర్పు. రావణుడి కొలువులో పద్యం గంభీరంగా సాగుతుండగా హాస్యపాత్రలు కేతిగాడు, బంగారక్క తెర మీదికి దూకుతారు. పచ్చి వాడుకమాటలు, తిట్లు, సరసాలు. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. ఆ నవ్వు ఆరకముందే మళ్లీ యుద్ధం, మళ్లీ శోకం. నవ్వి తేలికైన గుండె మీద పడింది కనకే ఆ శోకం అంత బరువుగా తగులుతుంది.

1957 నాటి ‘మాయాబజార్’ సినిమాలో శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా నటించిన సావిత్రిది ఇంతకంటే కష్టమైన పని. అదే ముఖం, అదే పెళ్లికూతురి అలంకారం. చూసేవాళ్లుంటే సిగ్గుపడే శశిరేఖ, వాళ్లు మొహం తిప్పగానే ఘటోత్కచుడి ఠీవి. ఒక ఒంట్లో ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టింది కాబట్టే ఇద్దరూ కనిపించారు. మార్కస్ బార్ట్‌లే కెమెరా ఆ సినిమాలో కేవలం నలుపు తెలుపులతో వెన్నెల కాయించింది.

ఇవాళ ఆ తేడాలనే చేజేతులా చెరిపేసుకుంటున్నాం. టీవీ సీరియల్లో తలుపు తెరుచుకున్నా పిడుగు పడ్డంత మోత, చావు కబురుకూ అదే మోత. మొదటి సీన్లోనే తారస్థాయికి చేరిన సినిమా సంగీతానికి క్లైమాక్స్‌లో ఎక్కడానికి మెట్టు ఉండదు. ఫోన్లలో తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టే అలవాటులో కల్లూ కళ్లూ ఒకటైపోయాయి. అమెరికాలో పుట్టిన మనవడు నానమ్మకు పెట్టే మెసేజీలో ఏది ఏదో ఊహించుకోవలసిందే.

ఇందులో యాసల తప్పేమీ లేదు. ఒక ప్రాంతంలో ఒక ధ్వని లేకపోతే అక్కడి జనం ఆ పనిని మరో మాటతోనో, ఒక సాగదీతతోనో చేయించుకుంటారు. నష్టం వస్తున్నది పట్టించుకోకపోవడం వల్ల. టీవీలో వార్తలు చదివేవాళ్లు, డబ్బింగ్ చెప్పేవాళ్లు, పాఠం చెప్పే టీచర్లు ‘ళ’ను ‘ల’గా వదిలేస్తే పిల్లల చెవికి రెండో ధ్వని ఉన్నట్టే తెలియదు.

సరిదిద్దడానికి ఖర్చేమీ లేదు. ఒకటో తరగతి పిల్లలను పలక మీద ఒకవైపు ‘ఇల్లు’ అని రాసి, కింద ఒక్క ఇంటి బొమ్మ గీయమనాలి. వెనకవైపు ‘ఇళ్లు’ అని రాసి, కింద తమ వీధి మొత్తం గీయమనాలి. ఒక్కో ఇల్లు చేరినప్పుడల్లా ఆ మాట బిగ్గరగా పలకమనాలి. వీధి చివరిదాకా గీసేసరికి నాలుకకు మడత పడడం అలవాటైపోతుంది.